పగిలిన విల్లు: జిగురు కంటే ముందు నెర్రె దారి చూసే రోజులు

విజయవాడలో ఇవాళ ఏ విలువిద్య మైదానానికి వెళ్లినా కార్బన్ లింబులు (విల్లులో వంగే రెండు చేతులు), అల్యూమినియం రైజర్లే (మధ్యలో పట్టుకునే భాగం) ఎక్కువగా కనిపిస్తాయి. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ, పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన బొమ్మదేవర ధీరజ్ ఈ ఊరివాళ్లే. వాళ్లను చూస్తూ పెరిగే పిల్లలు అలాంటి విల్లే చేతికి రావాలనుకోవడం సహజం. లింబు దెబ్బతింటే సంచిలోంచి ఇంకోటి తీసి బిగిస్తారు, ఆట ఆగదు. చేత్తో చేసిన కర్ర విల్లు, వెదురు విల్లు నడిచిన రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఒక విల్లు పగిలిందంటే నలుగురూ దాని చుట్టూ చేరి, ఎక్కడ పగిలింది, ఎటు వైపు పగిలింది, నిలువునా అడ్డంగానా అని తేల్చేదాకా ఎవరూ జిగురు ట్యూబు మూత తీసేవాళ్లు కాదు. ఆ తేల్చడమే అసలు విద్య. మన దేశపు పోటీ విభాగమైన ఇండియన్ రౌండ్‌లో 50, 30 మీటర్ల పోటీలు ఇప్పటికీ వెదురు విల్లుతోనే జరుగుతున్నాయి కాబట్టి ఆ విద్య అవసరం తీరిపోలేదు. చెప్పేవాళ్లే తగ్గిపోతున్నారు.

అప్పటి విల్లులు ఎక్కువగా రెండు రకాలు. మొదటిది పూర్తిగా వెదురు బద్దలతో చేసి, మధ్యలో కర్ర పిడి అతికించినది. రెండోది కర్ర విల్లుకు గురి వైపున, అంటే బాణం పోయే వైపున, పలచటి వెదురు పట్టీ అంటించినది. గొడ్డలి కాడలకు వాడే తడ కర్ర దొరికితే పండగే. వంగుతుంది, నార పొడుగ్గా ఉంటుంది, వంచి వదిలితే మళ్లీ నిలబడుతుంది. టేకు పిడికి బాగుంటుంది గానీ లింబుకు అంత నమ్మకం కాదు, నార వెంట చీలిపోతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చాలా మెత్తన, దాని సంగతి విల్లు పనిలో తలుచుకోనక్కర్లేదు.

విల్లును ఎక్కుపెట్టి లాగినప్పుడు గురి వైపు ముఖం సాగుతుంది, గుండె వైపు (లాగే మనిషి వైపు) ముఖం నలుగుతుంది. పగుళ్ల లెక్కంతా ఈ ఒక్క మాటలో ఉంది. సాగే వైపు వచ్చిన నెర్రె ఒక రకం, నలిగే వైపు వచ్చిన గీత ఇంకో రకం, వాటి మందులు కూడా వేరు. వెదురులో బలమైన నారలన్నీ పై చర్మానికి దగ్గరగా చిక్కగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. అందుకే వెదురు చర్మం ఎప్పుడూ గురి వైపే ఉండాలి, ఆ చర్మాన్ని చిత్రిక పట్టకూడదు, కణుపులను నున్నగా చెయ్యాలన్న ఉబలాటంతో చెక్కేయకూడదు. కణుపు దగ్గర నార వంకర తిరుగుతుంది. అక్కడ చెక్కితే నారలు తెగుతాయి, పేడు లేచేది అక్కడే. దసరాకు పిల్లల చేతుల్లో ఉండే రంగుకాగితాల విల్లంబులు పచ్చి వెదురువి కాబట్టి పండగ అయ్యేలోపే కణుపు దగ్గర నోరు తెరిచేవి. విల్లు పాఠం చాలామందికి అక్కడే మొదలయ్యేది.

విల్లు చిటుక్కుమన్న చప్పుడు చేసిన వెంటనే మొదటి పని అల్లెతాడు దించడం. ఇంకోసారి లాగి చూద్దాం అనే మాటే ఉండకూడదు. దించాక దూది ఉండ ఒకటి తీసుకుని గురి వైపు ముఖం మీద కొన నుంచి పిడి దాకా, మళ్లీ పిడి నుంచి కొన దాకా మెల్లగా రుద్దాలి. లేచిన నార కంటికి కనపడకపోయినా దూదిని పట్టుకుంటుంది. ఒకే దిక్కున రుద్దితే సగం పేళ్లు దొరకవు, నార పడుకున్న దిక్కున దూది జారిపోతుంది. తర్వాత మెత్తటి గుడ్డను స్పిరిట్‌లో తడిపి అనుమానం ఉన్న చోట తుడవాలి. పైనున్న స్పిరిట్ క్షణాల్లో ఆరిపోతుంది, పగులు లోపలికి దిగింది మాత్రం ఇంకాసేపు తడిగా సన్నటి గీతలా మిగులుతుంది. ఆ గీత రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి, పక్కన తేదీ వెయ్యాలి. పగులు పాకుతోందా, నిలిచి ఉందా అని తర్వాత చెప్పేది ఆ రెండు గీతలే.

ఇక పగుళ్ల రకాలు. కర్ర ఎండేటప్పుడు నార వెంట నిలువునా వచ్చే నెర్రెలు చాలావరకు అపాయం లేనివి. లింబు పొడవుకు సమాంతరంగా పోతూ, అంచు దాకా వెళ్లకుండా మధ్యలోనే ఆగిపోయిన నెర్రెతో ఏళ్ల తరబడి బాణాలు వేసిన విల్లులు ఉన్నాయి. అంచుకు దగ్గరగా పోతుంటే అప్పుడు ఆలోచించాలి. అంచును దాటి బయటికి పోయిందంటే ఆ కర్రలో నారే పక్కకు జారుతోందని అర్థం. లింబు మధ్యలో అలా కనిపిస్తే దారం చుట్టి తక్కువ బలంతో పిల్లలు వాడుకోవడానికి పనికొస్తుందేమో గానీ, పూర్తి బలంతో మాత్రం నమ్మకూడదు.

నిలువు నెర్రెకు పలచటి ఫెవిక్విక్ లాంటి జిగురు చాలు. చిక్కటి జిగురు నోటి దగ్గరే ఆగిపోతుంది, పలచటిది నెర్రె వెంట తనంతట తానే లోపలికి పాకుతుంది. ఒక చుక్క వేసి అది ఇంకేదాకా ఆగి, మళ్లీ ఇంకో చుక్క వెయ్యాలి. నెర్రె తాగడం మానేసి జిగురు పైన నిలిచేదాకా ఇలాగే. ఈ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి, కృష్ణ నిండుగా పారే వానాకాలంలో మన ఊళ్లో అది లోపలికి దిగకముందే బిగుసుకుంటుంది. అందుకే ముసురు పట్టిన రోజున ఆ పని పెట్టుకునేవాళ్లం కాదు, ఎండ కాసిన పూట కోసం ఆగేవాళ్లం.

కొండపల్లి దగ్గరుండటం వల్ల మనవాళ్లకు ఒక అలవాటు ఉండేది. కర్రలో ఎక్కడ సందు కనిపించినా చింతగింజల గుజ్జులో రంపపు పొడి కలిపిన మక్కు పూసేయడం. బొమ్మకు అది అద్భుతమైన పని, అతుకు కనపడకుండా ముక్కలను కలుపుతుంది, రంగు చక్కగా పడుతుంది. కానీ బొమ్మ వంగదు, విల్లు వంగుతుంది. మక్కు పెట్టిన నెర్రె పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల నారలు మాత్రం విడివిడిగానే ఉంటాయి. పైగా పగులు పాకుతోందో లేదో కనపడకుండా కప్పేస్తుంది. విల్లు మరమ్మతులో పగులును దాచే పని ఏదైనా చెడ్డ పనే. రంగు వెయ్యడం కూడా అంతే.

గురి వైపున పేడు లేవడం రెండో రకం. ఇక్కడ తొందరపాటుతో జరిగే తప్పులు రెండు. లేచిన పేడును కత్తితో కోసెయ్యడం ఒకటి, లోపల ఎంతుందో చూద్దామని పైకి లాగడం ఇంకొకటి. కోస్తే ఆ నారల బలం పోతుంది, లాగితే చీలిక ఇంకా ముందుకు పోతుంది. పేడును ఉన్నచోటే ఉంచి, సందులోకి రెండు ట్యూబులుగా వచ్చే అరాల్డైట్ జిగురును పాత బ్లేడు మొనతోనో, సన్నటి కాగితం ముక్కతోనో లోపలికి తొయ్యాలి. మామూలు అరాల్డైట్ రెండు ట్యూబుల్లోంచీ సమానంగా పిండి, రంగు పూర్తిగా ఒక్కటయ్యేదాకా కలపాలి. చిన్న గిన్నెలో ముద్దగా కలిపితే తన వేడికి తానే త్వరగా బిగుస్తుంది. అందుకే టైలు ముక్క మీద పలచగా పరిచి కలిపేవాళ్లం. మామూలు వాతావరణంలో గంటన్నర దాకా పని చేసుకునే వ్యవధి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం అందులో సగం కూడా దొరకదు, ఆ నెలలో ఈ పని తెల్లవారుజామున చేసుకోవాలి.

జిగురు పెట్టాక పైన పాలిథిన్ కాగితం చుట్టి, దాని మీద సైకిల్ ట్యూబును పొడుగాటి పట్టీలుగా కోసి బిగించాలి. సైకిల్ షాపులో పంక్చర్లు వేసి వేసి పక్కన పడేసిన ట్యూబు ఎంత కావాలంటే అంత దొరికేది. అంగుళం వెడల్పు పట్టీలు చాలు. పగులు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులా చివర్లకు చుట్టుకుంటూ పోతే లోపలి గాలి బుడగలు బయటికి నెట్టుకుపోతాయి. చివర నుంచి మొదలుపెడితే మధ్యలో చిక్కుబడతాయి. ట్యూబును మరీ లాగి చుట్టకూడదు. ఈ జిగురుకు గట్టి ఒత్తిడి అక్కర్లేదు, ఎక్కువ నొక్కితే అతుకులో ఉండాల్సిన జిగురంతా పక్కకు కారిపోయి అతుకు ఎండిపోతుంది. కనీసం 24 గంటలు కదపకూడదు. ఆ తర్వాత కూడా రెండు మూడు రోజులు ఆగి విల్లు వంచితే మంచిది. వడ్రంగం తెల్ల జిగురును ఇక్కడ వాడకూడదు. బల్లకూ కుర్చీకీ అది బాగానే పట్టుకుంటుంది. వేడికి మెత్తబడి, ఎడతెగని ఒత్తిడికి మెల్లమెల్లగా జారే గుణం ఉండటం వల్ల విల్లు లింబులో నిలవదు.

అరాల్డైట్ గట్టిపడ్డాక దారం చుట్టడం. ఇది చూడటానికి అందంగా ఉంటుంది, చెయ్యడం ఇంకా బాగుంటుంది. దారానికి రెండు మూడు దారులుండేవి. పట్టు దారం అన్నిటికంటే మేలు, సన్నగా ఉండి బలంగా ఉంటుంది. లేదంటే చేపల వలలు అల్లే నైలాన్ దారం. అదీ లేకపోతే గట్టిగా పురిపెట్టిన నూలు దారం, జిగురు తాగుతుంది కాబట్టి అది కూడా పనికొస్తుంది. పగులు రెండు చివర్ల కంటే కనీసం అంగుళం అవతల మొదలుపెట్టి, అంగుళం అవతల ఆపాలి. దారం మొదటి కొసను మడిచి లింబు పొడవునా ఉచ్చులా పడుకోబెట్టి, దాని మీదుగా చుట్లు చుట్టుకుంటూ పోవాలి. ప్రతి చుట్టూ పక్క చుట్టును తాకాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. చివరికి వచ్చాక దారాన్ని ఆ ఉచ్చులోంచి దూర్చి, మొదట వదిలిన కొసను లాగితే ఉచ్చు చుట్ల కిందికి జారిపోయి ముడి లేకుండానే బిగుసుకుంటుంది. రెండు కొసలూ కత్తిరించి, చుట్ల మీద పలచటి జిగురు దారం పూర్తిగా తడిసేలా పట్టించాలి. ముడి వేస్తే అది ఎప్పుడో ఒకప్పుడు అల్లెతాడుకో చేతికో తగులుతుంది.

దారం లింబుకు అడ్డంగా తిరుగుతుంది కాబట్టి వంగుడును పెద్దగా మార్చదు, విడిపోయే నారలను మాత్రం పట్టి ఉంచుతుంది. కావాల్సింది అదే. ఇది తెలియక కొందరు పగులు మీద నిలువునా ఇనుప రేకు పెట్టి తీగ చుట్టేవాళ్లు, ఇంకొందరు చిన్న మేకు కొట్టేవాళ్లు. రేకు ఉన్న చోట లింబు వంగదు, ఆ వంగుడంతా రేకు రెండు చివర్ల దగ్గరా పోగుపడుతుంది, అక్కడే విరుగుతుంది. మేకు కన్నం కొత్త పగులుకు మొదలు. తీగ అంచులను కోస్తుంది. ఈ మూడూ విల్లును చంపే పనులే. కొనకు దగ్గరగా చుట్టే దారం ఎంత పలచగా ఉంటే అంత మంచిది, కొన బరువెక్కితే బాణం వేగం తగ్గుతుంది. పిడికి దగ్గరగా అయితే ఆ బాధ లేదు.

గుండె వైపున వచ్చే గీతల సంగతి వేరు. ముసలివాళ్ల నుదుటి మీది ముడతల్లా లింబుకు అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తాయి, వేలితో తడిమితే కాస్త గరుకుగా తగులుతాయి. అక్కడ నారలు చీలలేదు, నలిగాయి. నలిగిన నారకు ఏ జిగురూ ప్రాణం పొయ్యదు. ఇక్కడ చాలామంది పొరపడి ఆ గీతల్లో జిగురు నింపి పని అయిపోయిందనుకుంటారు. ఆ గీతలు ఎందుకొచ్చాయన్నదే అడగాల్సిన ప్రశ్న. లింబులో ఆ ఒక్కచోట పలచగా ఉంటే మిగతా లింబు సోమరిగా ఉండి భారమంతా ఆ చోట పడుతుంది. లేదా గురి వైపు వెదురు పట్టీ మరీ మందంగా ఉంటే, అది సాగనని మొండికేసి గుండె వైపు కర్రను నలిపేస్తుంది. వెదురు పట్టీ 3 మిల్లీమీటర్లకు మించకూడదు, అంచుల దగ్గర ఇంకా పలచబడాలి. కొత్తగా విల్లు చేసేవాళ్లు బలం కోసం మందంగా పెడతారు, గీతలు పడటానికి మొదటి కారణం అదే.

గీతలు లోతుగా దిగకపోతే మందు ఒక్కటే, టిల్లర్ (లింబులు అంతటా సమంగా వంగే తీరు) మళ్లీ సరిచెయ్యడం. గీతలున్న చోటును ముట్టుకోకుండా, అదే లింబులో వంగకుండా బిర్రుగా ఉన్న చోట్ల గుండె వైపు కర్రను తొలగించాలి. అప్పుడు ఆ చోట్లు కూడా పని చేసి, గీతలున్న చోటు భారం తగ్గుతుంది. తర్వాత రెండో లింబును దీనికి సమానంగా తేవాలి. బలం కొంత పోతుంది, 40 పౌండ్ల విల్లు 32, 34 పౌండ్లకు దిగుతుంది. దిగనివ్వాలి. గీతలు లోతుగా ఉంటే ఆ చోటును ఆకురాయితో పడవ ఆకారంలో మెల్లగా తవ్వి, అదే జాతి కర్ర ముక్కను, నార దిక్కు కలిసేలా అతికిస్తారు. లోతు 2 మిల్లీమీటర్లే అయినా ముక్క పొడవు 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు, రెండు చివర్లూ కాగితంలా పలచబడి కలిసిపోవాలి. మొద్దుగా ఆగిపోయిన చివర దగ్గర ముక్క మొదటి వారంలోనే లేస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు చెయ్యాల్సిన పని ఇది.

వెదురు పట్టీ కర్ర నుంచి ఊడి లేవడం విజయవాడలో అన్నిటికంటే ఎక్కువ కనిపించే జబ్బు. దానికి కారణం మన ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. రేకుల షెడ్డులోనో, కారు డిక్కీలోనో విల్లు పెడితే లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి మామూలు అరాల్డైట్ మెత్తబడుతుంది. విల్లు ఎక్కుపెట్టి ఉంచితే ఇక చెప్పేదేముంది. టేకు పిడి దగ్గర ఊడటానికి ఇంకో కారణం కూడా ఉంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అతికించే ముందు ఎసిటోన్‌తో గానీ స్పిరిట్‌తో గానీ తుడిచి వెంటనే జిగురు పెట్టకపోతే జిగురు కర్రను పట్టదు. ఊడిన అతుకు తెరిచి చూస్తే ఇది తెలిసిపోతుంది. జిగురంతా వెదురుకే అంటుకుని, టేకు ముఖం శుభ్రంగా మెరుస్తుంటే తప్పు తుడవడంలోనే.

ఊడిన అతుకులో పాత జిగురు మీద కొత్త జిగురు పొయ్యడం దండగ. సందు తెరిచి, 80 నంబరు గరుకు కాగితాన్ని మడిచి లోపలికి దూర్చి రెండు ముఖాలూ గరుకుగా చెయ్యాలి, దుమ్మును గాలితో ఊదెయ్యాలి, ఎసిటోన్‌తో తుడిచి ఆరనివ్వాలి. సూది తీసేసిన సిరంజితో అరాల్డైట్‌ను లోపలి మూల దాకా పంపాలి. ట్యూబులను కాసేపు ఎండలో పెట్టి వెచ్చజేస్తే జిగురు పలచబడి సిరంజిలోంచి సులువుగా వస్తుంది. తర్వాత ట్యూబు పట్టీలు, 24 గంటలు. పిడి చివర్లు లేచిన విల్లుకైతే ఇంకో పని ఉంది. పిడి కర్ర లింబుతో కలిసే చోట మందంగా ఆగిపోయి ఉంటే, లింబు వంగినప్పుడల్లా ఆ చివరను పైకి ఎత్తుతుంది. ఆ చివరను పలచగా జారేలా చెక్కకుండా ఎన్నిసార్లు అతికించినా మళ్లీ లేస్తుంది.

కొనల దగ్గర అల్లెతాడు కూర్చునే గాడి నుంచి నిలువునా చీలడం చిన్న జబ్బే. గాడి కింద అర అంగుళం మేర దారం చుడితే చాలావరకు ఆగుతుంది. గాడి అంచులు పదునుగా ఉంటే సన్నటి ఆకురాయితో గుండ్రంగా చెయ్యాలి, లేకపోతే కర్రా చీలుతుంది, తాడూ తెగుతుంది. గాడిని గురి వైపు ముఖం మీదికి లాగి కొయ్యకూడదు, పక్కలనే ఉండాలి. కొన మీద గేదె కొమ్ము ముక్క అంటించి, గాడి దాంట్లో కోస్తే ఈ బాధ చాలావరకు ఉండదు.

ఇక గురి వైపు ముఖం మీద అడ్డంగా వచ్చిన పగులు. నారలు తెగిపోయాయి. దీనికి మరమ్మతు లేదు, పాఠం చెప్పేటప్పుడు చూపించడానికి గోడకు తగిలించుకోవాలి. ఎంత మనసుపడి చేసిన విల్లయినా సరే, దాన్ని మళ్లీ ఎక్కుపెట్టకూడదు. విరిగే లింబు ముక్క ముఖం వైపుకే వస్తుంది.

ఏ మరమ్మతు చేసినా చివరికి టిల్లర్ చూడాల్సిందే. అప్పట్లో వరండా గోడే టిల్లర్ బల్ల. గోడకు పిడి ఆనేలా ఒక కొయ్య కొట్టి, కింద కప్పీ బిగించి, తాడును మూడు మీటర్ల దూరం నుంచి లాగేవాళ్లం. సున్నం గోడ మీద బొగ్గుతో రెండేసి అంగుళాలకు ఒక అడ్డగీత ఉండేది. రెండు లింబులూ ఒకే ఎత్తులో వంగుతున్నాయో లేదో ఆ గీతలను బట్టి దూరం నుంచే తెలిసేది. ఇలా చెయ్యడంలో ఇంకో మేలు ఏమిటంటే, విల్లు విరిగితే ఆ ముక్కలు మనిషి దాకా రావు. ముందు 10 అంగుళాల దాకా ముప్పై సార్లు, సమస్య లేకపోతే 15 దాకా ముప్పై సార్లు, ఆ తర్వాత 20, అలా పెంచుకుంటూ పోవాలి. కర్రకు కొత్త వంగుడు అలవాటయ్యేది ఈ లాగుడులోనే. లాగి పట్టి ఉంచి చూడటం మాత్రం చెయ్యకూడదు, చూసేంతసేపు చూసి వదలాలి. తాడుకు మధ్యలో స్ప్రింగు కాటా తగిలిస్తే ఏ అంగుళం దగ్గర ఎన్ని పౌండ్లో తెలుస్తుంది.

కర్ర తొలగించడానికి గాజు పెంకుకు మించిన పరికరం లేదు. కొత్తగా విరిచిన గాజు అంచు పొడిలా సన్నటి తరకలు తీస్తుంది, నారను లేపదు. ఎంత తొలగించాలి అన్నదానికి ఒక లెక్క గుర్తుంచుకోవాలి. లింబు వెడల్పు 10 శాతం తగ్గిస్తే గట్టిదనం కూడా 10 శాతమే తగ్గుతుంది. మందం 10 శాతం తగ్గిస్తే గట్టిదనం 27 శాతం పోతుంది. 12 మిల్లీమీటర్ల లింబులో 10 శాతం అంటే ఒక మిల్లీమీటరు చిల్లర. అందుకే గుండె వైపు ఒకేచోట పది సార్లు గీకడం అంటే చాలా ఎక్కువ. ఐదారు గీతలు గీకాలి, ముప్పై సార్లు లాగాలి, చూడాలి, మళ్లీ ఐదారు. తొందరపడితే తీసిన కర్ర తిరిగి రాదు. మూడు వేళ్లతో, బాణం కింద రెండు, పైన ఒకటి పెట్టి లాగేవాళ్లకు కింది లింబు కాస్త గట్టిగా ఉండాలి. ఎక్కుపెట్టిన విల్లులో పిడి పై చివర నుంచి తాడుకు ఉన్న దూరం, కింది చివర దూరం కంటే 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఎక్కువుంటే సరిపోతుంది.

కర్రలో తేమ 8 నుంచి 10 శాతం మధ్య ఉంటే విల్లు హాయిగా పనిచేస్తుంది. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటితే కర్ర 15, 16 శాతానికి ఎక్కుతుంది. అప్పుడు విల్లు మెత్తబడి, తాడు దించాక కూడా వంకరగానే ఉంటుంది. మే నెలలో రేకుల కింద బాగా ఎండిపోతే పెళుసెక్కి మొదటి లాగుడుకే చిటుక్కుమంటుంది. మరమ్మతు చేసిన విల్లుకు గరుకు కాగితం పట్టించి, లక్క పాలిష్ మూడు నాలుగు పూతలు వేసి, పైన తేనెమైనం రుద్దితే ఈ ఎక్కుదిగుళ్లు నెమ్మదిస్తాయి. పూర్తిగా ఆగవు. తాడు దించి, ఇంటి లోపలి గోడకు రెండు కొయ్యల మీద అడ్డంగా పడుకోబెట్టాలి. మూలకు నిలబెడితే కింది లింబు మెల్లగా వంగిపోతుంది.

అల్లెతాడు డాక్రాన్ అనే పాలియెస్టర్ దారందే ఉండాలి. 35 నుంచి 45 పౌండ్ల విల్లుకు 12 పోగులు, 45 నుంచి 55 దాకా 14. సాగని కొత్త రకం దారాలు వేగం ఇస్తాయి, కానీ బాణం వదిలిన ప్రతిసారీ ఆ దెబ్బంతా కర్ర కొనల మీద పడుతుంది. డాక్రాన్ కాస్త సాగి ఆ దెబ్బను తను తీసుకుంటుంది. బాణం లేకుండా తాడు లాగి వదలడం ఎంత చెడ్డదో చెప్పక్కర్లేదు. బాణం తీసుకుపోవాల్సిన శక్తంతా లింబుల్లోకే తిరిగొస్తుంది. బాణం తోక గాడి పగిలి ఉన్నా అదే జరుగుతుంది, అందుకే విల్లు చూసుకున్నట్టే బాణం తోకలు కూడా రోజూ చూసుకోవాలి. చేత్తో చేసిన విల్లులు పగలడానికి పగిలిన తోకలు కూడా ఒక కారణం.

మరమ్మతు తర్వాత మొదటి ఇరవై బాణాలు దగ్గర నుంచి, పూర్తిగా లాగకుండా వెయ్యాలి. అప్పుడు పెన్సిల్ గీతలు మళ్లీ చూడాలి, పగులు వాటిని దాటిందేమో. దాటకపోతే పూర్తి లాగుడుకు రావచ్చు. టిల్లర్ సరిచేసి బలం తగ్గిన విల్లుకైతే ఆ తర్వాత కొట్టొచ్చినట్టు కనపడే మార్పు ఒకటుంటుంది. కుడిచేత్తో లాగేవాళ్ల బాణాలు అన్నీ గురికి ఎడమ పక్కన పడుతుంటాయి. చాలామంది మరమ్మతు వల్ల లింబు మెలితిరిగిందనుకుని మళ్లీ గీకడం మొదలుపెడతారు. లింబు సరిగానే ఉంటుంది. 40 పౌండ్లకు సరిపోయిన బాణం 33 పౌండ్ల విల్లుకు మరీ బిర్రు అవుతుంది, పిడిని చుట్టుకుని వంగాల్సినంత వంగదు, అందుకే ఎడమకు పోతుంది. వెదురు బాణమైతే మధ్య భాగంలో గరుకు కాగితంతో సన్నగా కాస్త తగ్గించాలి, లేదా ఇంకొంచెం బరువైన మొన పెట్టాలి. ఒక బాణంతో ముందు చూసుకుని, అది మధ్యకు వచ్చాక మిగతావాటికీ అదే చెయ్యాలి.